పాపను చంకనేసుకుని మళ్లీ నడవగలనా?

ప్రశ్న: నా వయసు 33. నాలుగు నెలల క్రితం మెదడులో కుడివైపు రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. ఇప్పుడు కాలికి ఊతమిచ్చే స్ప్లింట్ వేసుకుని, చేతికర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తున్నాను. ఎడమ చేయి కొద్దిగా లేస్తుంది. వేళ్లు ముడుచుకుంటాయి గానీ తెరుచుకోవడం కష్టం. గుమ్మాలకు ఎడమ భుజం తగులుతూ ఉంటుంది. పాపకు 10 నెలలు, బరువు ఎనిమిదిన్నర కిలోలు. బాబుకు ఐదేళ్లు. నెల కిందట పాపను మంచం మీది నుంచి ఎత్తుకుని నిలబడబోతే మోకాలు మడతపడి ఇద్దరం మంచం మీదే కూలబడ్డాం. దెబ్బలేం తగల్లేదు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ పాపను నా చేతికివ్వడం లేదు. అన్నీ మా అత్తగారు, మావారే చూసుకుంటున్నారు. బాబు నా దగ్గరికి రావడం తగ్గించాడు. "అమ్మ ఎప్పుడూ కోపంగా ఉంటుంది" అంటున్నాడు. నేను వాణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. ఆరు నెలలు దాటితే ఇక చేయి రాదని తెలిసినవాళ్లు అంటున్నారు. పాపను చంకనేసుకుని నడవగలనా? ఎప్పటికి?

సమాధానం: ఫలానా తేదీకి అని ఎవరూ చెప్పలేరు. అయితే ఏమేం కుదిరాక ఎత్తుకుని నడవొచ్చో స్పష్టంగా చెప్పొచ్చు, కింద అదే రాస్తున్నాం. దానికన్నా ముందు ఒక మాట. పాపను చూసుకోవడం వేరు, ఎత్తుకుని నడవడం వేరు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి. ఎత్తుకోలేకపోయారు కాబట్టి మొత్తం పాపనే మీ నుంచి తీసేసుకున్నారు. నిజానికి డైపర్ మార్చడం, బట్టలు వేయడం, ఆడించడం, నిద్రపుచ్చడం వంటివి చాలావరకు నేల మీద కూర్చుని, నిలబడే అవసరం లేకుండా ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

ఆ రోజు మోకాలు ఎందుకు మడతపడిందో చూద్దాం. పాపను కుడిచేత్తో ఎత్తుకున్నారు కాబట్టి చేతికర్ర వదిలేశారు. తూలితే పట్టుకోవడానికి ఉన్న ఒక్క చేయీ పాప దగ్గరే ఉంది. పైగా ధ్యాసంతా పాప మీదికి పోయింది. పక్షవాతం తర్వాత నిలబడడం, అడుగు వేయడం తనంతట తాను జరిగిపోవు, కొంతకాలం వాటికీ మనసు పెట్టాల్సి ఉంటుంది. ధ్యాస పక్కకు పోగానే బలం తక్కువైన మోకాలు లొంగిపోతుంది. కాబట్టి ఎత్తుకుని నడవడమన్నది ఎడమ చేతి బలానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఎడమ కాలు, నిలకడ, ఎడమవైపు మీద ధ్యాస, ఈ మూడింటికి సంబంధించినది.

మూడోదాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గుమ్మాలకు భుజం తగులుతోందని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఉత్తరం మొత్తంలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. మెదడు కుడిభాగం దెబ్బతిన్న చాలామందికి ఎడమవైపు ఉన్నవాటి మీద ధ్యాస నిలవదు. కళ్లు చూస్తున్నా మెదడు లెక్కలోకి తీసుకోదు. చూపులోనే ఎడమ సగం పోవడం ఇంకో సమస్య. రెండూ ఒకటి కావు. చూపు పోయినవాళ్లకు సాధారణంగా అది పోయిందని తెలుస్తుంది కాబట్టి తల తిప్పి చూసుకుంటారు. ధ్యాస పోయినవాళ్లకు అక్కడ ఏదో తప్పిపోతోందన్న అనుమానమే రాదు. మీకు ఏది ఉందో, రెండూ ఉన్నాయో తేల్చుకోవాలి. చూపు సంగతి కంటి డాక్టరు దగ్గర ఫీల్డ్ టెస్ట్ (ఏ పక్క ఎంతవరకు చూపు అందుతుందో చూసే పరీక్ష) చేయిస్తే తెలుస్తుంది. ధ్యాస సంగతి ఇంట్లోనూ కొంత గమనించొచ్చు. తెల్లకాగితం మీద అడ్డంగా జానెడు గీత గీయించి దాని మధ్యలో గుర్తు పెట్టండి. గుర్తు బాగా కుడివైపుకు జరిగితే, చదివేటప్పుడు పంక్తుల మొదటి మాటలు వదిలేస్తుంటే, కంచంలో ఎడమవైపువి మిగిలిపోతుంటే, ఎడమ చేయి కుర్చీ పక్కన వేలాడుతున్నా గమనించకపోతే, ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌తో (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణులు) పూర్తి పరీక్ష చేయించుకోండి. ఇది తేలకుండా ఎత్తుకోవడం గురించి ఆలోచించొద్దు. పాకే పాప ఎడమవైపు నుంచి వచ్చి మీ కాలికి అడ్డంపడినా మీకు తెలియకపోవచ్చు.

దీనికి సాధన ఉంది. పుస్తకం పేజీకి, ఆటబొమ్మలు పెట్టే చాపకు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించండి. ఎర్ర గీత కళ్లబడే దాకా తల తిప్పి, అక్కడి నుంచే చదవడం, వెతకడం మొదలుపెట్టాలి. ఇంట్లోవాళ్లు మాట్లాడేటప్పుడు మీ ఎడమవైపు కూర్చోవాలి. మొదట్లో మీరు తిరగకపోతే పేరు పెట్టి పిలిచి, మీ ఎడమ చేతిని తాకి, మీరు తమవైపు చూసేదాకా ఆగాలి. పాపతో బంతి దొర్లించే ఆట దీనికి చక్కగా సరిపోతుంది. ఎవరైనా పాపను మీకు ఎదురుగా కొంచెం ఎడమకు కూర్చోబెట్టి, రోజు రోజుకూ ఇంకాస్త ఎడమకు జరుపుతూ పోవాలి. ఒక్క జాగ్రత్త. సాధన చేసేటప్పుడు వస్తువులు ఎడమవైపు ఉండాలి, పక్కన మనిషీ ఉండాలి. పాప బాధ్యత మీదైనప్పుడు మాత్రం పాప, వస్తువులు అన్నీ కుడివైపే ఉండాలి. ఈ రెంటినీ కలిపేస్తే ప్రమాదం.

మెదడు కుడివైపు దెబ్బతింటే తమ శక్తిని తాము ఎక్కువగా అంచనా వేసుకోవడం, తొందరపడి కదలడం కూడా తరచూ కనిపిస్తాయి. అది మీ స్వభావ దోషం కాదు, గాయం చేసే పని. అందుకే "నేను చేయగలను" అన్న మీ అంచనా ఒక్కటే సరిపోదు. మీరు నడిచేది, పాపను చూసుకునేది మీవారి చేత ఫోన్‌లో వీడియో తీయించి ఇద్దరూ కలిసి చూడండి. కాలు ఈడ్చుకుపోవడం, ఎడమ చేయి పాప కింద నలగడం వంటివి చేసేటప్పుడు తెలియవు. చూస్తే తెలుస్తాయి. ఎవరో తప్పుపట్టారన్న బాధ కూడా ఉండదు.

ఇక నేల మీద పని. కింద కూర్చోవడం, లేవడం మీకు ఇంకా రాకపోతే ముందు ఫిజియో దగ్గర అది నేర్చుకోండి. అంతవరకు నేల మీద గట్టి పరుపు వేసుకుని, ఎవరైనా సాయంపట్టి దింపితే చాలు. మంచం మీద మాత్రం వద్దు. పది నెలల పిల్ల ఒక్క క్షణంలో బోర్లాపడి అంచు దాకా పోతుంది, ఒక్క చేత్తో ఆపలేరు. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాచి కొంచెం ఎడంగా పెట్టుకోండి. ఎడమ చేయి వెనక్కి పోకుండా ముందుకు తెచ్చి తొడ మీదో, చిన్న దిండు మీదో పెట్టుకోండి. పాపను మీ కాళ్ల మధ్య, పాదాలు మీవైపు, తల అవతలికి ఉండేలా పడుకోబెట్టమనండి.

డైపర్ మార్చడంలో ఒంటిచేతి రహస్యమంతా ముందు సిద్ధం చేసుకోవడంలోనే ఉంది. పక్కలకు అంటించే రకం తీసుకోండి. ఒంటిచేత్తో పని చేసేవాళ్లకు తొడిగే రకం కంటే అదే సులువు. కొత్త డైపర్ విప్పి, అంటించే రెక్కలు తెరిచి పెట్టుకోవాలి. తుడిచే తడి గుడ్డలు నాలుగైదు ముందే బయటికి లాగి ఉంచాలి, చెత్తసంచి నోరు తెరిచి ఉండాలి. పాప చేతికి ఒక బొమ్మ ఇవ్వండి, అదీ ఈ ఒక్క పనికే దాచి ఉంచినదైతే ఎక్కువసేపు ఆడుకుంటుంది. పాతది విప్పకముందే కొత్తదాన్ని కిందికి తోయండి. తర్వాత పాతది విప్పి, రెండు పాదాలూ ఎత్తిపట్టకుండా పాపను మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిల్లించి తుడవండి. పాదాలు పైకి పట్టుకుంటే తుడవడానికి చేయి మిగలదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. తుడిచాక పాతది లాగేసి, పాపను మళ్లీ వెల్లకిలా తిప్పి, కొత్తదాని ముందు అంచును మీ ఎడమ చేతి బరువుతో కదలకుండా నొక్కిపెట్టి, ముందు మీకు ఎడమన ఉన్న రెక్క, తర్వాత కుడిది అంటించండి. ఎడమ చేయి పాప తొడల దగ్గరే ఉండాలి, పొట్ట మీదా ఛాతీ మీదా పెట్టొద్దు. చేయి బిగిస్తే ఎంత ఒత్తుతోందో మీకు తెలియకపోవచ్చు. మొదట్లో పావుగంట పట్టినా పట్టనివ్వండి. పాప ఏడుపు అందుకుంటే ఎడమ చేయి ఇంకా బిగుసుకుంటుంది, వేళ్లు ముడుచుకుపోతాయి. కంగారు పడితే బిగుతు పెరగడం ఈ జబ్బులో మామూలే. పని ఆపి రెండు మూడు సార్లు మెల్లగా ఊపిరి వదిలితే కొంచెం సడలుతుంది.

ఒళ్లోకి తీసుకోవడానికి ఎత్తక్కర్లేదు. పాకుతున్న పిల్ల, పట్టుకుని నిలబడబోతున్న పిల్ల ఎక్కడం నేర్చుకుంటుంది. మీ కుడి తొడ మీద తట్టి ప్రతిసారీ ఒకే మాటతో పిలవండి. తొడ మీదికి ఎగబాకగానే కుడిచేతిని పాప పిరుదుల కిందికి పోనిచ్చి ఒంటికి ఆనించుకోండి. కొద్ది రోజుల్లోనే ఆ మాట వినగానే పాప తానే ఎక్కడం మొదలుపెడుతుంది. అమ్మ శరీరం ఎలా పని చేస్తే పిల్లలు దానికి తగ్గట్టు నేర్చుకుంటారు, పెద్దవాళ్ల కంటే తొందరగానే.

కొన్ని పనులు ఒంటరిగా చేయొద్దు. పాపకు స్నానం అలాంటిదే. పక్షవాతం తర్వాత కొందరికి ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటుంది. అది ఒక్కటే కాదు, తడిసిన పిల్ల ఒంటిచేత్తో జారిపోతుంది. స్నానానికి రెండో మనిషి ఉండాల్సిందే. నీటి వేడి ఎప్పుడూ కుడిచేత్తోనే చూసుకోండి. ఎడమ చేతికి స్పర్శ తగ్గి ఉంటే బొబ్బలెక్కేదాకా తెలియదు. పాప ఒళ్లో ఉండగా వేడివేడి గ్లాసు చేతిలో వద్దు. పాప పక్కన పడుకుని నిద్రపుచ్చేటప్పుడు మీరు నిద్రలోకి జారుకునే అవకాశం ఉంటే, మెలకువగా ఉన్న మనిషి ఆ గదిలోనే ఉండాలి.

అలసట సంగతి మీరు రాయలేదు. కానీ పక్షవాతం వచ్చినవారిలో చాలామందిని వేధించేది ఇదే. పనికి తగ్గ అలసట కాదిది. రాత్రంతా పడుకున్నా తీరదు, ముందుగా చెప్పకుండా కమ్ముకొస్తుంది. అలసిపోయాక విశ్రాంతి తీసుకోవడం ఆలస్యమైనట్టే. పాప పనికి ముందు అరగంట పడుకోండి. మీకు ఒంట్లో ఓపిక ఎక్కువుండే వేళ ఏదో ఒక వారం రాసి చూసుకుని, ఆ వేళలోని 20 నిమిషాలు పాపకు కేటాయించండి. టీవీ కట్టేయండి, గదిలో మాటలు తగ్గించండి. ఒకేసారి రెండు శబ్దాలు విడదీసుకోవడానికే మెదడుకు చాలా శక్తి ఖర్చవుతుంది.

ఆరు నెలల మాటకు వద్దాం. మార్పు వేగంగా కనిపించేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో, అందులో నిజం ఉంది. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందన్నది మాత్రం నిజం కాదు. ఏళ్ల తర్వాత కూడా తగినంత సాధనతో చేతి పని మెరుగుపడినవాళ్లున్నారు. వేగం తగ్గుతుంది, కష్టం పెరుగుతుంది, అంతే. మీకు వేళ్లు కొద్దిగానైనా తెరుచుకుంటున్నాయి. ఆ చిన్న కదలిక ఉండడం మంచి సూచన.

చేయి బాగుపడకపోవడానికి మాకు ఎక్కువగా కనిపించే కారణం, సాధన తగినన్నిసార్లు చేయకపోవడం. థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టి చూసిన పరిశోధకులకు ఒక్కో సెషన్‌లో చేతి పనులు సగటున 32 సార్లే జరుగుతున్నాయని తేలింది. మెదడులో మార్పు తేవడానికి జంతువుల మీద ప్రయోగాల్లో వందల సార్లు చేయించారు. కాబట్టి మిగతాది ఇంట్లో మీరే చేసుకోవాలి. ఒక్కో విడతకు 30 నుంచి 40 సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. కానీ ఏం చేయాలన్నది ముఖ్యం. మెత్తటి బంతిని పిసకమని అందరూ చెబుతారు. మీకు ముడిచే బలం ముందే ఎక్కువ, తెరిచేది తక్కువ. పిసికితే ముడిచే కండరాలకే పని పెరుగుతుంది. మీరు సాధన చేయాల్సింది వదిలేయడం. పాప ప్లాస్టిక్ ఉంగరాల్లో ఒకదాన్ని ఎడమ చేతిలో పెట్టుకుని, ముంజేతిని బల్ల మీద ఆనించి, మణికట్టును కిందికి వాల్చి చూడండి. మణికట్టు వాలితే వేళ్లు కాస్త సులువుగా తెరుచుకుంటాయి. ఉంగరాన్ని గిన్నెలో పడేయండి. అది సులువయ్యాక మణికట్టును తిన్నగా ఉంచి వదలండి, తర్వాత ఎత్తి ఉంచి వదలండి. పాప ఎదురుగా కూర్చుని గిన్నెలో పడ్డవి తీసి మళ్లీ మీకిస్తుంటే మీ లెక్క తెలియకుండానే వంద దాటుతుంది.

మణికట్టును దాదాపు 20 డిగ్రీలు, వేళ్లను 10 డిగ్రీలు మీ అంతట మీరు పైకెత్తగలిగిన నాటికి ఇంకో మార్గం తెరుచుకుంటుంది. బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, రోజులో ఎక్కువ సమయం బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి అది. అమెరికాలో 2006లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో రెండు వారాల ఈ సాధన వల్ల చేతి వాడకం పెరిగిందని, ఆ లాభం ఏడాది తర్వాతా నిలిచిందని తేలింది. రోజుకు ఆరు గంటలు కేటాయించలేని తల్లికి, దీన్నే తక్కువ గంటలతో ఎక్కువ వారాలు చేసే రకం కూడా ఉంది. పాప దగ్గర ఉన్నప్పుడు, మెట్ల మీద, నీళ్ల దగ్గర మాత్రం తొడుగు తీసేయాలి.

అంతదాకా అద్దం సాధన చేయండి. బల్ల మీద మీ ముందు నిలువుగా అద్దం, కుడి చేయి కనిపించేలా, ఎడమ చేయి అద్దం వెనక. కుడి పిడికిలి మెల్లగా తెరుస్తూ మూస్తూ అద్దంలోని చేతినే చూస్తూ, అదే సమయంలో వెనక ఉన్న ఎడమ చేతిని తెరవడానికి ప్రయత్నించాలి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, కనీసం నాలుగు వారాలు. ఉంగరాలు, గడియారం తీసేయండి, అవి కనిపిస్తే మెదడు నమ్మదు. పిల్లలు నిద్రపోయినప్పుడే కుదురుతుంది, మధ్యలో ధ్యాస చెదిరితే లాభం లేదు.

వేళ్లు, మోచేయి బిగుసుకుపోయి తెరవడానికే రాకపోతే బిగుసుకున్న కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ గురించి డాక్టరుతో మాట్లాడండి. దాని ప్రభావం ఉండేది సుమారు మూడు నెలలు, ఆ కాలంలో సాధన చేస్తేనే ప్రయోజనం. ఇంజెక్షన్ చేయించుకుని ఊరుకుంటే చేయి మెత్తబడుతుందే తప్ప పని రాదు. బిగుతు తగ్గించే మాత్రలు మత్తుగా ఉంచుతాయి, పాపను చూసుకునేవారికి అది ఇబ్బంది. ముఖ్యంగా బాక్లోఫెన్ వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. పాపకు పాలిస్తుంటే ఏ మాత్ర మొదలుపెట్టేముందైనా ఆ సంగతి చెప్పండి.

భుజాన్ని కాపాడుకోవాలి. కండరాలు వదులైనప్పుడు చేయి బరువుకే కీలు కిందికి జారుతుంది. ఎవరూ మిమ్మల్ని ఎడమ చేయి పట్టుకుని లేపకూడదు. పిల్లలు ఆ చేతికి వేలాడకూడదు. బాబుకు ఈ ఒక్క నియమం తప్పనిసరిగా నేర్పండి. తాడు, కప్పీ కట్టి కుడిచేత్తో ఎడమ చేతిని తల మీదికి లాగే వ్యాయామం మానేయండి, దానివల్ల భుజం నొప్పి వచ్చినవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నడక.

ముందు కాలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం కంటే మంచి వ్యాయామం మీకు ఇప్పుడు లేదు. గోడకు ఆనించిన, కదలని కుర్చీ. ఎత్తు చాలకపోతే దిండు వేసి పెంచండి. బరువంతా కుడికాలి మీదికే పోనివ్వకుండా ఎడమ పాదాన్ని కుడిదానికంటే కొంచెం వెనక పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు కూలబడొద్దు, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. మెల్లగా దిగడంలోనూ మోకాలికి బలం వస్తుంది. పది సార్లకొక విడతగా రోజుకు ఐదు విడతలు. వారం తేలిగ్గా జరిగితే కుర్చీ ఎత్తు కొద్దిగా తగ్గించండి.

నేల మీది నుంచి లేవడమూ రావాలి, నేల మీదే పాప ఉంటుంది కాబట్టి. కదలని కుర్చీ ముందుంచుకుని కుడి తుంటి మీదికి ఒరిగి, కుడిచేత్తో నెట్టుకుంటూ మోకాళ్ల మీదికి రండి. కుడిచేయి కుర్చీ మీద ఆనించండి. ఎడమ మోకాలు నేల మీదే ఉంచి, కుడి పాదం ముందుకు తెచ్చి నేలకు పూర్తిగా ఆనించి, ఆ కాలితో లేవండి. మొదటి రెండు వారాలు ఫిజియో ఎదురుగానే చేయండి.

ఎత్తుకుని నడవడానికి ముందు ఇవి కుదరాలి: స్ప్లింట్‌తో, చేతికర్ర లేకుండా, ఇంట్లో గది నుంచి గదికి మోకాలు లొంగకుండా, బొటనవేలు నేలకు తట్టకుండా నడవగలగాలి. రెండు వైపులా తిరగగలగాలి. మాట్లాడుతూ నడిచినా అడుగు ఆగిపోకూడదు. గుమ్మాలకు భుజం తగలడం పూర్తిగా ఆగిపోవాలి. ఫిజియోలు నిలకడను కొలిచే బెర్గ్ స్కేల్‌కు మొత్తం 56 మార్కులు, 45కు తక్కువైతే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. మీ మార్కులెన్నో అడిగి తెలుసుకోండి. అంకె ఒక్కటే తేల్చేయదు గానీ, 40 ఉన్నవారు పాపను ఎత్తుకుని నడవకూడదని మాత్రం గట్టిగా చెబుతాం.

అవన్నీ కుదిరాక బరువుతో సాధన. నీళ్లు నింపిన లీటరు సీసా ఒక కిలో. సంచిలో రెండు సీసాలు పెట్టి, కుడిచేత్తో ఛాతీకి హత్తుకుని పది అడుగులు, మలుపు, తిరిగి పది అడుగులు. మీవారు మీకు ఎడమవైపు, అరడుగు వెనకగా, నడుముకు కట్టిన బెల్టును పట్టుకుని రావాలి. మూడు రోజులు వరుసగా ఒక్కసారి కూడా మోకాలు లొంగకపోతే నాలుగు సీసాలు, ఆ తర్వాత ఆరు, ఎనిమిది, తొమ్మిది. ఎక్కడ మోకాలు లొంగితే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి. సీసాలు గింజుకోవు, పాప గింజుకుంటుంది. అందుకే తొమ్మిది కిలోలు సులువయ్యాకనే పాప. అదీ మొదట మంచం నుంచి పక్కనున్న కుర్చీ దాకా, ఐదు అడుగులు, మీవారు పక్కనుండగా, పాప కడుపు నిండి హాయిగా ఉన్న వేళ. మెట్ల మీద మాత్రం ఎత్తుకోవద్దు. మీకు కమ్మీ పట్టుకోవడానికి చేయి ఉండాలి. ఎక్కేటప్పుడు కుడికాలు ముందు, దిగేటప్పుడు ఎడమకాలు ముందు అన్నదీ గుర్తుంచుకోండి. ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ చేయి ఖాళీగా ఉంచుతుంది గానీ, పడితే మీ బరువంతా పాప మీదే పడుతుంది. నడిచేటప్పుడు అది వద్దు.

దీనికి నెలలు పట్టొచ్చు. ఈలోగా పాప తన కాళ్ల మీద నడిచేయొచ్చు, బరువూ పెరుగుతుంది. మీరు ఎత్తుకుని నడవగలిగే నాటికి ఎత్తుకోవాల్సిన అవసరం తగ్గిపోయే అవకాశం ఉందని నిజాయితీగా చెబుతున్నాం. అందుకే ఒళ్లో కూర్చోబెట్టుకునే రోజులను ఆ రోజు కోసం వాయిదా వేయొద్దు. ఒక గది నుంచి ఇంకో గదికి పాపను మార్చడానికి చక్రాల ఊయలో, బ్రేకున్న తోపుడు బండో వాడండి. దాన్ని ఆసరాగా పట్టుకుని బరువు వేయకండి, ముందుకు జారిపోతుంది. మీ నిలకడ మీ కాళ్ల మీద ఉన్నప్పుడే తోయాలి.

బాబు మాట మిమ్మల్ని ఎక్కువ గాయపరిచిందని ఉత్తరంలోనే తెలుస్తోంది. వాడు అబద్ధం చెప్పలేదు. మెదడు కుడిభాగం దెబ్బతింటే ముఖంలో భావం, గొంతులో ఎత్తుపల్లాలు తగ్గిపోవచ్చు. ముఖం ఎడమవైపు జారి కూడా ఉండొచ్చు. ప్రేమగా "ఇటు రా" అన్నా మాట చదునుగా వస్తుంది. ఐదేళ్ల పిల్లాడు మాటలకంటే ముఖాన్ని, గొంతును చదువుతాడు. నవ్వులేని ముఖం వాడికి కోపంగా కనిపిస్తుంది. అందుకని ముఖం చేయలేని పని మాటతో చేయండి: "నువ్వు బొమ్మ గీశావు కదా, నాకు చాలా సంతోషంగా ఉంది. నా ముఖం నవ్వడం నేర్చుకుంటోంది, అందుకే కనిపించడం లేదు." స్పీచ్ థెరపిస్ట్ దగ్గర గొంతు హెచ్చుతగ్గుల సాధన కూడా ఉంటుంది. వాడి ముఖంలోని భావాలు మీకు పట్టుకోవడం కూడా కష్టంగా ఉండొచ్చు. వాణ్ణే అడగండి, "ఇప్పుడు నీకెలా ఉంది?" అని.

వాడికి నాలుగు విషయాలు చెప్పాలి. అమ్మ తలలో రక్తనాళం మూసుకుపోయింది. అది నువ్వు అల్లరి చేయడం వల్ల రాలేదు. అంటుకునేది కాదు. డాక్టర్లు మందులిస్తున్నారు, ఇంట్లో నిన్ను చూసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండోది అడక్కపోయినా చెప్పండి, ఈ వయసు పిల్లలు తమవల్లే అయిందని లోపల అనుకుంటారు. పక్క తడపడం, మారాం, పసిపిల్లల మాటలు మళ్లీ మొదలైతే మందలించొద్దు. రోజుకు పావుగంట పాప లేకుండా వాడొక్కడితో గడపండి. కథ చదవడమైతే ఎర్ర టేపు సాధన కూడా అందులోనే అయిపోతుంది. మీరు మొదటి మాట వదిలేస్తే వాడు పట్టుకుంటాడు. "అమ్మను చూసుకో" అని మాత్రం వాడికి ఎవరూ అప్పగించకూడదు.

మీ అత్తగారు భయంతో చేస్తున్నారు, ఆ భయానికి కారణమూ ఉంది. వాదించడం కంటే ఒక కాగితం రాసి గోడకు అంటించండి: నేల మీద, మనిషి ఎదురుగా ఉండగా ఏవేవి మీవి, ఏవి ఇంకా వద్దు. ఒక పని పూర్తిగా మీదిగా తీసుకోండి, సాయంత్రం డైపర్ అనుకోండి. మీరు అడిగితే తప్ప మధ్యలో ఎవరూ చేయి పెట్టకూడదు. చూస్తూ కూర్చోవడం వాళ్లకు కష్టమే. ఆ పని మొదలయ్యేముందు మీవారు ఆ మాట వాళ్లకు చెప్పాలి, ఆ భారం మీ మీద వేయొద్దు.

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒకరికి డిప్రెషన్ వస్తుంది. పాప పుట్టిన మొదటి ఏడాది తల్లులకూ ఆ ప్రమాదం ఉంటుంది, మీకు రెండూ కలిశాయి. రెండు వారాలకు మించి ఏ పనిమీదా మనసు లేకపోవడం, పాపను చూసినా ఏమీ అనిపించకపోవడం, తిండీ నిద్రా పోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి, దీనికి మందులున్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ పూటే చెప్పాలి. కారణం లేకుండా ఏడుపో నవ్వో తన్నుకొచ్చి ఆగకపోవడం వేరే సమస్య, దానికీ మందుంది.

మీ న్యూరాలజిస్ట్‌ను ఈసారి కలిసినప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగండి. మొదటిది, 33 ఏళ్లకు నాకిది ఎందుకొచ్చింది? మెడలోని రక్తనాళం చీలడం, గుండె గదుల మధ్య రంధ్రం, గుండె కవాటాల జబ్బు, రక్తం తొందరగా గడ్డకట్టే గుణం, బీపీ, ప్రసవం తర్వాత మెదడు సిరల్లో గడ్డలు, చిన్న వయసులో కారణాలు ఇలా ఉంటాయి. మందు ఎంతకాలమన్నది కారణాన్ని బట్టే. రెండోది గర్భం రాకుండా ఏం వాడాలి? ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు మీరు వాడకూడదు. కాపర్ టీ, కండోమ్‌లతో ఆ ఇబ్బంది లేదు. రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడుతూ గర్భం దాలిస్తే బిడ్డకు ప్రమాదం కాబట్టి ఆ నిర్ణయం ముందే జరగాలి. మీ మాత్రలన్నీ పాప చేతికందని ఎత్తులో, మూత ఒంటిచేత్తో తెరవగలిగే డబ్బాలో పెట్టుకోండి.

కొత్తగా ముఖం ఒకవైపు జారడం, చేయి వాలిపోవడం, మాట తడబడడం, ఒక్కసారిగా చూపు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తగ్గుతుందేమోనని ఆగకుండా స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో ఇంట్లోవాళ్లు చెప్పగలగాలి. మీరు పిల్లలతో ఉండే 20 నిమిషాలూ ఫోన్ మెడలో వేసుకోండి. మీవారి నంబరు ఒక్క నొక్కుతో కలిసేలా పెట్టి, ఎలా నొక్కాలో బాబుకు ఆటలాగా నేర్పండి.